రక్తంలో ‘ఫరెవర్ కెమికల్స్’: పరీక్ష ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చదవాలి?

షుగరు పరీక్షకైతే ల్యాబుకు వెళ్లి చెయ్యి చాపితే చాలు. ఏళ్ల తరబడి ఒంట్లో ఉండిపోయే ‘ఫరెవర్ కెమికల్స్’ పరీక్ష అలా కాదు. “ఒంట్లో కాలుష్యం ఎంతుందో చూడండి” అంటే “ఏ రసాయనం చూడమంటారు?” అని వాళ్లే తిరిగి అడుగుతారు. ఈ పరీక్షలో సగం పని సూది గుచ్చకముందే తేలిపోవాలి. లేకపోతే రిపోర్టులో వచ్చే అంకె దేనికీ కొరగాదు.

మొదటి మెట్టు: ఏం కొలవాలో తేల్చుకోండి

ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేసే పారిశ్రామిక రసాయనాల్లో ఎక్కువగా కొలిచేవి రెండు రకాలు. ఒకటి, కొవ్వులో చేరేవి. పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలోని పీసీబీలు, చెత్త తగలబెట్టినప్పుడు పుట్టే డయాక్సిన్లు ఈ కోవలోవి. రెండోది పీఫాస్ కుటుంబం. నీళ్లు, మరకలు అంటని బట్టల్లో, ఇంధన మంటలు ఆర్పే నురగలో వాడిన ఫ్లోరిన్ రసాయనాలివి. ఇవి కొవ్వు జోలికి పెద్దగా పోవు, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్‌ను పట్టుకుని తిరుగుతాయి. ఈ ఒక్క తేడా గుర్తుంచుకోండి, కింద చెప్పేవన్నీ దాని చుట్టూనే ఉంటాయి.

అనుమానం దేనిమీదో దాన్నిబట్టి పరీక్ష ఎంచుకోవాలి. ఆ నురగతో ఏళ్లపాటు శిక్షణ ఇచ్చిన చోటికి దగ్గర్లోని బోరు నీళ్లు తాగారా? పీఫాస్ చూపించుకోండి. పాత విద్యుత్ పరికరాలు విప్పే పనిలో ఉన్నారా? పీసీబీలు. “అన్నీ చూసేయండి” అనడం డబ్బు దండగ, ఎందుకంటే ఒక్కో రకానికి యంత్రమే వేరు. పీఫాస్‌ను లిక్విడ్ క్రొమటోగ్రఫీతో, పీసీబీలను గ్యాస్ క్రొమటోగ్రఫీతో విడదీసి, ఆపైన మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలుస్తారు. డయాక్సిన్లకు ఎక్కువ రక్తం కావాలి, ఖర్చూ ఎక్కువే. గట్టి కారణం ఉంటే తప్ప వాటి జోలికి వెళ్లొద్దు. ఇక ప్లాస్టిక్‌లోని బిస్ఫినాల్, థాలేట్ లాంటివి గంటల్లోనే మూత్రంలోకి వెళ్లిపోతాయి కాబట్టి వాటికోసం రక్తం ఇవ్వడంలో అర్థం లేదు.

రెండో మెట్టు: ల్యాబును నిలదీయండి

నాలుగు ప్రశ్నలు చాలు. ఏయే రసాయనాలు విడివిడిగా చెబుతారు? ఒక్కోదానికి కనీసం ఎంత ఉంటే మీ యంత్రం గుర్తిస్తుంది? కొలిచేది సీరంలోనా (రక్తం గడ్డకట్టాక వేరుపడే ద్రవం), మొత్తం రక్తంలోనా? బరువైన కార్బన్‌తో చేసిన అదే రసాయనాన్ని ముందుగా శాంపిల్‌లో కలిపి, దానితో సరిచూసి లెక్కగడతారా? ఈ చివరి ప్రశ్నకు నీళ్లు నమిలే ల్యాబు అయితే ఇంకోటి వెతుక్కోండి.

మూడో మెట్టు: రక్తం ఇచ్చే రోజు

పీఫాస్‌కైతే పరగడుపున ఉండాల్సిన పనిలేదు, కొంచెం రక్తం సరిపోతుంది. పీసీబీలకు మాత్రం పరగడుపునే వెళ్లండి, అదే శాంపిల్‌లో కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా చూడమనండి. అవి లేకపోతే పీసీబీ అంకెను సరిగా పోల్చుకోలేరు.

వెతికే పదార్థమే పరికరాల్లో ఉండొచ్చు, అదొక తంటా. పీఫాస్ పరీక్షలో టెఫ్లాన్ పూత ఉన్న మూతలు, గొట్టాలు వాడకూడదు. సీరంను పాలీప్రొపిలీన్ సీసాలో భద్రపరచడం మేలు. శాంపిల్‌తో పాటు శుద్ధమైన నీళ్లు పోసిన సీసాను కూడా అదే దారిలో పంపి పరీక్షించారో లేదో అడగండి. ఆ నీళ్లలోనూ పీఫాస్ వస్తే తప్పు మీ రక్తానిది కాదు.

ఈమధ్య రక్తదానం చేశారా, బిడ్డకు పాలిస్తున్నారా, బాగా బరువు తగ్గారా? ఫారంలో రాయించండి. మొదటి రెండూ పీఫాస్‌ను తగ్గిస్తాయి. బరువు తగ్గితే కరిగిన కొవ్వులోంచి పీసీబీలు రక్తంలోకి వచ్చి అంకె పెరుగుతుంది.

నాలుగో మెట్టు: రిపోర్టు చదవడం

ముందు యూనిట్ చూడండి. మిల్లీలీటరుకు నానోగ్రాము, లీటరుకు మైక్రోగ్రాము రెండూ ఒకటే. పీఫాస్ కుటుంబంలోని పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్‌ అనే రసాయనాల విషయంలో మొత్తం రక్తంలో వచ్చే అంకె సీరంలో వచ్చేదానికి సుమారు సగం ఉంటుంది. దాన్నీ దీన్నీ పోల్చి సంబరపడొద్దు. “గుర్తించలేదు” అని ఉంటే సున్నా అని కాదు, యంత్రం చూడగలిగినంత లేదని.

పీఫాస్‌కు అమెరికాలోని శాస్త్ర సలహా సంస్థ నేషనల్ అకాడమీస్ 2022లో ఒక దారి చూపింది. నిర్ణీత పీఫాస్ రసాయనాల మొత్తం మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల లోపు ఉంటే హాని ఉంటుందని అనుకోనక్కర్లేదు. 2 నుంచి 20 దాకా, ముఖ్యంగా గర్భిణుల్లాంటి వారికి, హాని జరిగే అవకాశం ఉంది. 20 దాటితే ముప్పు ఎక్కువ. ఉదాహరణకు మీ పీఎఫ్ఓఎస్ 4, పీఎఫ్ఓఏ 2, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్ 1.5, పీఎఫ్ఎన్ఏ 0.6 అనుకుందాం. మొత్తం 8.1, మధ్య వరసలో పడ్డారు. చాలామంది ఇక్కడే ఉంటారు కాబట్టి కంగారు పడకండి.

పాత పట్టికలతో పోల్చేటప్పుడు మాత్రం ఏడాది చూసుకోండి. అమెరికా జాతీయ సర్వేలో సగటు పీఎఫ్ఓఎస్ 1999–2000లో 30 దాకా ఉండేది, 2017–18 నాటికి 4 చిల్లరకు దిగింది. దాని తయారీ ఆపేస్తామని అమెరికా కంపెనీ త్రీఎం 2000లో ప్రకటించింది. ఆనాటి పట్టిక పక్కన పెట్టుకుంటే ఇప్పుడు 15 వచ్చినవాళ్లూ “నాకు తక్కువే” అనుకునే ప్రమాదం ఉంది.

పీసీబీలకు ఇంకో లెక్క. కొలెస్ట్రాల్‌ను 2.27తో గుణించి, ట్రైగ్లిజరైడ్లు కలిపి, 62.3 చేరిస్తే డెసిలీటరు రక్తపు సీరంలో మొత్తం కొవ్వు మిల్లీగ్రాముల్లో వస్తుంది. కొలెస్ట్రాల్ 200, ట్రైగ్లిజరైడ్లు 150 అయితే దాదాపు 666. అప్పుడు పీసీబీ మిల్లీలీటరుకు 0.2 నానోగ్రాములుంటే, గ్రాము కొవ్వుకు 30 నానోగ్రాములన్నమాట. పోల్చాల్సింది ఈ రెండో అంకెనే.

ఐదో మెట్టు: ఆ తర్వాత

ఫలానా జబ్బు వస్తుందని గానీ, ఫలానా బావి వల్లే వచ్చిందని గానీ ఈ పరీక్ష చెప్పదు. మొత్తం పీఫాస్ 2 దాటితే కొలెస్ట్రాల్ పరీక్షల మీద, 20 దాటితే థైరాయిడ్, కిడ్నీల మీద కూడా డాక్టరు కన్నేసి ఉంచాలని నేషనల్ అకాడమీస్ సూచనల సారాంశం. డీటాక్స్ పొడుల వాళ్లు చుట్టుముడతారు, వాళ్ల మాట వినకండి. ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బందిపై జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాదిపాటు ప్లాస్మా దానం చేసినవారికి పీఎఫ్ఓఎస్ సగటున మిల్లీలీటరుకు 2.9 నానోగ్రాములు తగ్గింది. అంతమాత్రాన దాన్ని వైద్యం అనుకోవద్దు. అసలు పని, తాగే నీటిలో ఉంటే ఆ నీటిని మార్చడం.

మూడు నెలలకే మళ్లీ పరీక్ష చేయించుకుంటే డబ్బు వృథా. పీఎఫ్ఓఏ సగానికి తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు, పీఎఫ్‌హెచ్ఎక్స్ఎస్‌కు ఐదేళ్లు, అంతకంటే ఎక్కువా పడుతుంది. నీటిని మార్చిన రెండేళ్లకు అదే ల్యాబులో, అదే పద్ధతిలో చేయించుకోండి. మొదటి రిపోర్టు జాగ్రత్తగా దాచుకుని వెంట తీసుకెళ్లండి.