కుళాయిల మీద ఉప్పు పొరకు వెనిగర్ గుడ్డ

మా ఒంగోలు ఇంట్లో బోరు నీళ్లు బాగా ఉప్పన. స్టీలు కుళాయి తోమిన నాలుగు రోజులకే తెల్లగా పొర కట్టేది. పీచుతో ఎంత రుద్దినా గీతలు పడేవే గానీ పొర ఊడేది కాదు.

ఇప్పుడు చేస్తున్నది ఇదీ. అరకప్పు తెల్ల వెనిగర్‌లో అరకప్పు నీళ్లు కలిపి, పాత నూలు గుడ్డ తడిపి కుళాయికి చుట్టి రబ్బరు బ్యాండు వేస్తాను. 20 నిమిషాలు అలా వదిలేస్తే పొర మెత్తబడుతుంది. పాత టూత్‌బ్రష్‌తో, ముఖ్యంగా మెడ దగ్గర, రుద్ది మంచి నీళ్లతో కడగాలి. వెంటనే పొడిగుడ్డతో తుడవాలి. ఈ తుడవడం మానేస్తే మళ్లీ మొదటికే వస్తుంది. వెనిగర్ లేనప్పుడు నిమ్మచెక్కతో రుద్దినా పోతుంది, కాకపోతే కాస్త ఆలస్యం.

బంగారు రంగు పూత ఉన్నవాటికి, పైపూత లేచిపోయిన కుళాయిలకు మాత్రం ఇది వాడకండి, ఇంకా పాడవుతాయి. మాది చీమకుర్తి గ్రానైట్ గట్టు, కారిన చుక్కలు వెంటనే తుడిస్తే ఏమీ కాలేదు. మార్బుల్ అయితే మచ్చ పడిపోతుంది, ముందే కింద ప్లాస్టిక్ కవరు పరవండి. బ్లీచింగ్ పౌడర్ వాడిన చోట వెనిగర్ అసలు తగలనివ్వొద్దు, ఘాటు విషవాయువు వస్తుంది.