రెండు వెడ్జ్‌ల మధ్య ఖాళీని పూడ్చుకున్న తీరు

నా గోల్ఫ్ సెట్‌తో వచ్చిన పిచింగ్ వెడ్జ్ (దగ్గరి దూరాలకు బంతిని ఎత్తుగా లేపే క్లబ్బు) బంతిని 115 గజాలు పంపుతుంటే, విడిగా కొన్న, 56 డిగ్రీల లాఫ్ట్ (క్లబ్బు ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న శాండ్ వెడ్జ్ 80 గజాలు దాటించేది కాదు. జెండా 100 గజాల్లో ఉంటే సగం ఊపుతో సరిపెట్టుకోవలసి వచ్చేది. దూరం పెంచడానికి ఈ కాలపు ఐరన్ల (లోహపు పలుచని తల ఉన్న క్లబ్బుల) లాఫ్ట్‌ను తగ్గిస్తున్నారు గనుక, తయారీదారు పట్టిక తీసి చూస్తే నా పిచింగ్ వెడ్జ్ 44 డిగ్రీలేనని తేలింది. నడుమ 50 డిగ్రీల వెడ్జ్ చేర్చగానే 12 డిగ్రీల అంతరం ఆరేసిగా చీలి, నిండు ఊపుతో బంతి ఇంచుమించు 98 గజాల వద్ద పడుతోంది. దొర్లిన దూరాన్ని కలపకుండా, బంతి నేలను తాకిన చోటికే కొలవాలి. 60 డిగ్రీలది కూడా కొనమని మిత్రులు పట్టుబట్టారు గానీ, సంచిలో 14 క్లబ్బుల పరిమితి ఉండగా దానికోసం హైబ్రిడ్‌ను (దూరపు దెబ్బలకు వాడే క్లబ్బును) వదులుకోవడం నాకు దండగనిపించింది. మేమాడే నేల మెత్తన కాబట్టి 50 డిగ్రీల వెడ్జ్‌లో 10 డిగ్రీల బౌన్స్ (క్లబ్బు నేలలో దిగబడకుండా చూసే అడుగు భాగపు కోణం) ఉన్నదాన్ని ఎంచుకున్నాను. గట్టి నేల మీద ఆడేవారికి అంతకన్నా తక్కువ బౌన్స్ నయం.