రాబిట్‌ఎంక్యూలో సెట్టింగ్ మార్చినా పాత విలువే వస్తోందా? నా అనుభవం

ప్రోగ్రాముల మధ్య సందేశాలు చేరవేసే బ్రోకర్ రాబిట్‌ఎంక్యూ. అందులో మెమరీ పరిమితి మార్చి రీస్టార్ట్ చేసినా పాత విలువే కనిపించేది. పర్మిషన్లు చూశాను, మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను, ఫలితం లేదు.

పనిచేసింది ఇదీ. ముందు స్టార్టప్ లాగ్‌లో, బ్రోకర్ ఏ కాన్ఫిగ్ ఫైల్ చదివిందో చెప్పే వరుస చూశాను. అది వేరే ఫోల్డర్! ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ అటు చూపిస్తోంది. దాన్ని సరిచేశాను. తర్వాత, వరుసకో సెట్టింగ్, మధ్యలో సమాన గుర్తు ఉండే మామూలు వాటిని రాబిట్‌ఎంక్యూ డాట్ కాన్ఫ్‌లో ఉంచి, ఆ రూపంలో ఇమడని, ఎర్లాంగ్ (రాబిట్‌ఎంక్యూను రాసిన ప్రోగ్రామింగ్ భాష) రూపంలోని భాగాన్ని అడ్వాన్స్‌డ్ డాట్ కాన్ఫిగ్‌లోకి మార్చాను. ఈ రెండో ఫైల్ చివర చుక్క తప్పనిసరి. రీస్టార్ట్ చేశాక డయాగ్నస్టిక్స్ టూల్‌లో ఎన్విరాన్‌మెంట్ కమాండ్ కొడితే కొత్త విలువ కనిపించింది. ఎంత టెన్షన్ తగ్గిందో!

మా టీమ్ డాక్యుమెంట్‌లో ఇప్పుడు ప్రతి సెట్టింగ్ పక్కనా ఏ ఫైల్, ఏ ఫార్మాట్ అన్నది రాస్తున్నాం.

ఈ రెండు ఫైళ్ల పద్ధతి రాబిట్‌ఎంక్యూ 3.7 వెర్షన్ నుంచి వచ్చింది. కంటైనర్లలో ఫైల్ ఉండే చోటు మారొచ్చు, అక్కడ నేను ప్రయత్నించలేదు. అయినా మొదట లాగ్ చూడండి.