వానలకు ముందే మట్టిమిద్దెల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

కర్నూలు పాతబస్తీలోనూ హంద్రీ ఒడ్డు పేటల్లోనూ కూలినాలి చేసుకునే కుటుంబాలు తక్కువ అద్దెకు ఉంటున్న ఇళ్లలో మట్టిమిద్దెలు (దూలాలపై మట్టి పరచిన చదును కప్పు ఇళ్లు) ఇంకా ఉన్నాయి. ఎండాకాలం చల్లగా ఉండే ఈ ఇళ్లను పనికిరానివని తోసిపుచ్చడం సరికాదు గానీ, ఏటా మరమ్మతు లేకపోతే అవి ప్రాణాల మీదికి తెస్తాయి. ఆ పని జూన్ తొలివానలకు ముందే పూర్తి కావాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసింది మిద్దెపై బరువు. కారుతున్న ప్రతిసారీ పాత మట్టిని తీయకుండానే దానిపై కొత్త చౌడు (ఉప్పు తేలిన మట్టి) పరచడం మన ప్రాంతంలో అలవాటు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు ఉన్న గదిపై అర అడుగు మందాన పరచిన మట్టి బాగా నానితే దాదాపు 3 టన్నులు తూగుతుంది. తాతల కాలంలో వేసిన దూలాలపై ఏళ్ల తరబడి పొరలు పేరుకుంటే ఏమవుతుందో ఊహించవచ్చు. అందువల్ల పాత పొరను గీకి తీసిన తర్వాతే చౌడు పలుచగా పరచి, నీరు నిలవకుండా వాటం పెట్టించాలి. గవాచి (వెలుతురు కోసం మిద్దెలో వదిలిన కంత) చుట్టూ, పిట్టగోడ మొదట్లో పగుళ్లు పూడ్చి, నీరు పోయే గొట్టంలోని చెత్త తీయించాలి. దూలాలు, దంతెలు (దూలాలపై అడ్డంగా వేసే సన్న కర్రలు) గోడలో దిగిన చోట చెదలు పట్టాయేమో ఇనుప మేకుతో పొడిచి చూడాలి. మేకు సులభంగా దిగితే ఆ గదిలో పడుకోవడం మానేసి, దూలం కింద ఆసరాగా పోటు (నిలువు దుంగ) పెట్టించాలి.

అద్దెకున్నవారి చిక్కు వేరు. మరమ్మతు అడిగితే ఖాళీ చేయమంటారనే భయంతో చాలామంది నోరు మెదపరు. అలాంటి కుటుంబాలు నాలుగైదు కలిసి వార్డు సచివాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవడం మేలు. నగరం వెలుపల జగన్నాథగట్టు మీద పేదలకు టిడ్కో (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఇళ్లు కట్టినా, పని దొరికే బజారుకు దగ్గరగా ఉండాలని పాత ఇళ్లలోనే ఉండిపోయేవారు ఉంటారు కాబట్టి, ఈ మరమ్మతులకు సాయం చేయడం కూడా పేదల గృహవసతిలో భాగమేనని నగరపాలక సంస్థ గుర్తించాలి.

నదీ తీరంలో ఉన్నవారు అక్టోబరు గడిచేదాకా ఏమరుపాటుగా ఉండకూడదు. 2009లో తుంగభద్ర, హంద్రీ నగరాన్ని ముంచెత్తింది అక్టోబరు 2న. పట్టా, ఆధార్, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు నీరు చొరని సంచిలో ఉంచాలి. నడవలేని పెద్దలను, వికలాంగులను ఎవరు, ఎక్కడికి చేర్చాలో వీధిలోవారు ముందే మాట్లాడుకోవాలి.

నానిన గోడలు వాన వెలిసిన తర్వాత కూడా కూలుతుంటాయి. ఎండ వచ్చింది కదా అని వెంటనే లోపల పడుకోకుండా, పగుళ్లు పెరగలేదని, గోడ ఉబ్బలేదని చూసుకున్నాకే సామాను లోపలికి చేర్చాలి. గోడ తడిగా ఉన్నంతవరకు స్విచ్చులు ముట్టకూడదు. కరెంటు ఇబ్బందికి 1912కు, ప్రాణాపాయమైతే 112కు ఫోన్ చేయాలి.