సెలెస్ట్రాక్‌లో ఉపగ్రహ కక్ష్యా వివరాలు వెతికి చదవడం ఎలా

ఉపగ్రహం ఇప్పుడు ఎక్కడ ఉందో ఫోనులో చూపే ఆప్‌లు ఏవీ ఆకాశాన్ని స్వయంగా చూసి చెప్పవు. వాటిలో చాలావరకు, అమెరికా సైన్యం రాడార్లతోను దూరదర్శినులతోను గమనించి విడుదల చేసే కక్ష్యా వివరాలను తీసుకుని, వాటి మీద లెక్క కట్టి చెబుతాయి. ఆ వివరాలను మనమే చూసుకోవడానికి అన్నిటికంటే సులువైన చోటు సెలెస్ట్రాక్ అనే వెబ్‌సైటు. టి.ఎస్. కెల్సో 1985లో మొదలుపెట్టిన ఈ సేవకు ఖాతా అక్కర్లేదు. సైన్యం నడిపే స్పేస్-ట్రాక్ వెబ్‌సైటులో మాత్రం పేరు నమోదు చేసుకోవాలి.

ముందుగా కావలసింది ఉపగ్రహపు కేటలాగ్ సంఖ్య, అంటే కక్ష్యలో గుర్తించిన ఒక్కో వస్తువుకూ జాబితాలో ఇచ్చే సంఖ్య. పేరుతో వెతికితే తరచు తికమక తప్పదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అక్కడ ‘ఐఎస్ఎస్ (జార్యా)’ అనే పేరుతో ఉంటుంది, ఎందుకంటే 1998 నవంబరులో మొదట పైకి వెళ్లిన భాగం జార్యాయే. దాని సంఖ్య 25544. ఈ సంఖ్య ఎన్నటికీ మారదు. దీనితో పాటు కనిపించే 1998-067ఏ అనేది ప్రయోగాన్ని తెలిపే గుర్తు, అంటే ఆ ఏడాది 67వ ప్రయోగంలోని మొదటి వస్తువు. 2017 ఫిబ్రవరి 15న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సీ37 ఒకేసారి మోసుకెళ్లిన 104 ఉపగ్రహాలన్నిటికీ 2017-008 అనేదే ఉమ్మడి గుర్తు కాబట్టి, ఆ గుర్తుతో వెతికితే మొత్తం గుంపు ఒక్కచోట దొరుకుతుంది.

వెతికినప్పుడు కేటలాగులో పేరు ఉండి కక్ష్యా వివరాలు మాత్రం రాకపోతే, అది నేల రాలిందేమో చూడాలి. 1975లో పైకి వెళ్లిన ఆర్యభట్ట 1992లో వాతావరణంలోకి దిగి కాలిపోయింది. దాని వరుసలో ఆ తేదీ ఉంటుంది, నేటి కక్ష్య ఉండదు.

సంఖ్య దొరికాక వివరాలను టీఎల్ఈ (టూ-లైన్ ఎలిమెంట్) రూపంలో అడిగితే ఒక్కొక్కటి 69 అక్షరాల పొడవున్న రెండు వరుసలు వస్తాయి. ఇందులో ప్రతి అంకెకూ స్థానం నిర్ణీతమై ఉంటుంది, ఖాళీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకసారి నేను ఈ వరుసలను చాట్‌లో మిత్రుడికి పంపితే, దారిలో ఖాళీలు కుదించుకుపోయి, అతని ప్రోగ్రాము వాటిని పూర్తిగా తిరస్కరించింది. కాబట్టి ఫైలుగానే పంపడం మేలు.

మొదటి వరుసలో నేను ముందుగా చూసేది కాలసూచి. అక్కడ 24150.5 అని ఉంటే 2024లో 150వ రోజు, అంటే మే 29, మధ్యాహ్నం 12 గంటలు అని అర్థం. ఇది విశ్వ సమయం (యూటీసీ) కనుక మనకు సాయంత్రం 5:30. వివరాలు ఆ క్షణానికి చెందినవి. అక్కడి నుంచి ముందుకు వెళ్లేకొద్దీ అంచనా సడలుతుంది. తక్కువ ఎత్తులో తిరిగే ఉపగ్రహానికి ఆ క్షణంలోనే సుమారు ఒక కిలోమీటరు తేడా ఉండవచ్చు, ఆపైన రోజుకు ఒకటి నుంచి మూడు కిలోమీటర్ల వరకు పెరుగుతుంది. అంతరిక్ష కేంద్రం ఇంజన్లు మండించి ఎత్తు పెంచుకుంటే పాత వివరాలు ఇంకా త్వరగా పనికిరాకుండా పోతాయి. చాలామంది వారాల నాటి ఫైలు పెట్టుకుని ప్రోగ్రామును నిందిస్తారు. తప్పు ఎక్కువసార్లు ఇక్కడే ఉంటుంది.

రెండో వరుసలో కక్ష్య వాలు (భూమధ్యరేఖా తలంతో కక్ష్య చేసే కోణం), ఉత్కేంద్రత (కక్ష్య గుండ్రం నుంచి ఎంత సాగి ఉందో చెప్పే విలువ), చివర రోజుకు చేసే ప్రదక్షిణలు ఉంటాయి. అంతరిక్ష కేంద్రానికి వాలు సుమారు 51.6 డిగ్రీలు, ప్రదక్షిణలు సుమారు 15.5, ఒక రోజులోని 1440 నిమిషాలను 15.5తో భాగిస్తే ఒక్కో చుట్టుకు దాదాపు 93 నిమిషాలు వస్తాయి. ఉత్కేంద్రతకు దశాంశ బిందువు రాయరు, కనుక 0006703 అని ఉంటే దాన్ని 0.0006703గా చదువుకోవాలి. ఈ విలువలను కెప్లర్ సూత్రాల్లో (కక్ష్యా గమనాన్ని లెక్కించే సాధారణ సూత్రాల్లో) నేరుగా వేయడం పొరపాటు. ఇవి ఎస్‌జీపీ4 అనే గణన పద్ధతి కోసం సగటు చేసిన విలువలు కాబట్టి ఆ పద్ధతితోనే వాడాలి.

మీరు ప్రోగ్రాము రాసేవారైతే టీఎల్ఈ బదులు జేసన్ లేదా సీఎస్‌వీ రూపం కోరండి. టీఎల్ఈలో కేటలాగ్ సంఖ్యకు ఐదు స్థానాలే ఉన్నాయి, 99999 దాటిన సంఖ్య అందులో మామూలుగా పట్టదు. సెలెస్ట్రాక్ కొత్త వివరాల కోసం దాదాపు రెండు గంటలకోసారి చూసుకుంటుంది కనుక, అంతకంటే తరచుగా అదే ఫైలును దించుకోవడం వృథా. అతిగా అడిగేవారికి దారి మూసివేస్తారు కూడా.

ప్రోగ్రాము రాయడం ఇష్టం లేకపోతే జీప్రెడిక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు చాలు. అందులో మీ ఊరి స్థానం, ఉదాహరణకు హైదరాబాదుకు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఇచ్చి, ఎడిట్ మెనూలోంచి టీఎల్ఈలను తాజా చేసి, 25544ను ఎంచుకుంటే రాబోయే దాటింపులు, అంటే అది మీ ఆకాశం మీదుగా వెళ్లే సమయాలు, కనబడతాయి. కంటితో చూడాలంటే నేల మీద చీకటి పడి, పైన ఉపగ్రహానికి మాత్రం ఎండ తగులుతూ ఉండాలి. కాబట్టి సూర్యాస్తమయం తరువాతో, తెల్లవారడానికి ముందో వచ్చే దాటింపులను, అందులోనూ ఆకాశంలో బాగా పైకి ఎక్కేవాటిని ఎంచుకోండి.