కొత్త స్లాంగ్‌కి చీటీ రాయడం ఎలా

అమీర్‌పేట హాస్టల్లో చెవిన పడ్డ ఇంగ్లిష్ స్లాంగ్ డిక్షనరీకి ఎక్కాలంటే అర్థం చెప్తే సరిపోదు. ఎవరు, ఎక్కడ, ఏ తేదీన వాడారో చూపాలి. ఆ సాక్ష్యం రాసిపెట్టే కాగితమే చీటీ. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీలో ఏటా నాలుగుసార్లు కొత్త మాటలు చేరతాయి. మనం పంపడానికి వాళ్ల వెబ్‌సైట్‌లో ఫారం ఉంది.

'టేక్ లైట్' తీసుకుందాం. 'లైట్ తీస్కో'ని ఇంగ్లిష్‌లోకి తిప్పి మనవాళ్లు చాటింగ్‌లో కొట్టేది. ముందు డిక్షనరీలో ఉందేమో చూడండి: అన్నయ్య అనే అర్థంలో 'అన్నా' 2017లోనే ఆక్స్‌ఫర్డ్‌లోకి వెళ్లిపోయింది. లేదనుకుంటే స్పెల్లింగులన్నీ రాసుకోండి. జి, హెచ్‌లతో ఒక లైట్, ఈతో ముగిసేది ఇంకొకటి, మధ్యలో 'ఇట్' ఉన్నదీ లేనిదీ. ఒక్కదాన్నే వెతికితే పాతవి తప్పిపోతాయి. దొరికినవాటిలో తేలికపాటి లగేజీ, ఫొటోలో వెలుతురు లాంటివి తీసి పక్కన పెట్టండి.

ఒక వాక్యానికి ఒక చీటీ. వాక్యం మొత్తం, రాసినవాళ్ల పేరు లేదా హ్యాండిల్, పోస్ట్ చేసిన తేదీ, లింకు. మీరు చూసిన తేదీ కాదు, చాలామంది తప్పేది ఇక్కడే. 'మూడు రోజుల కింద' అని చూపిస్తే దాని మీద నొక్కి అసలు తేదీ పట్టండి. స్టోరీలు 24 గంటల్లో మాయమవుతాయి కాబట్టి స్క్రీన్‌షాట్ అప్పుడే తీయాలి. వాట్సాప్ ఫార్వర్డ్ జోలికి పోకండి, మొదట ఎవరు ఎప్పుడు రాశారో తేలదు.

'టేక్ లైట్ అంటే పట్టించుకోకు అని' అంటూ వివరించే వాక్యానికి విలువ తక్కువ. ఏ వివరణా లేకుండా, చదివేవాళ్లకు తెలుసన్న ధీమాతో వాడిందే గట్టి సాక్ష్యం. అలాంటివి వేర్వేరు మనుషులవి, వేర్వేరు ఏళ్లవి కావాలి. ఒకే మీమ్ వెయ్యిసార్లు షేరైనా ఒకటే లెక్క.

మరీ పాత తేదీ దొరికితే అనుమానించండి. గూగుల్ బుక్స్‌లో పత్రికకు ఒక్కోసారి మొదటి సంచిక ఏడాదే పడుతుంది, లోపలి పేజీ తెరిచి చూడాలి. బ్లాగు పోస్టును తర్వాత దిద్ది ఉండొచ్చు. వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషిన్ సైట్‌లో పాత కాపీ చూడండి. మన ఊరి మాటేనని ముందే రాసేయకండి. అచ్చం ఇండియా సరుకనుకున్న 'ప్రీపోన్' 1913లోనే ఒక న్యూయార్క్ పత్రికలో తేలింది.

టెక్నాలజీ మాటలైతే పొట్టి రూపమా, పూర్తి పదమా అన్నది చీటీ మీదే రాయండి. 1934 వెబ్‌స్టర్ నిఘంటువులో సాంద్రతకు 'డోర్డ్' అని అచ్చయింది. అలాంటి మాటే లేదు. 'డి ఆర్ డి', అంటే పెద్ద డి లేదా చిన్న డి, సాంద్రత అని రాసిన పొట్టి అక్షరాల చీటీ మాటల కట్టలో కలిసిపోయింది. 1939 దాకా ఎవరూ పట్టుకోలేదు.