టెక్సాస్ పీఈ లైసెన్స్ రెన్యూవల్: ఏటా 15 పీడీహెచ్‌ల లెక్క చూపే విధానం

టెక్సాస్‌లో ప్రొఫెషనల్ ఇంజనీర్, అంటే పీఈ లైసెన్స్ ఉన్నవారు దాన్ని ఏటా రెన్యూవల్ చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో ఫీజు కట్టడానికి పెద్దగా సమయం పట్టదు. కానీ ఆ ఏడాదికి 15 పీడీహెచ్‌లు పూర్తి చేశానని అదే దరఖాస్తులో ధ్రువీకరించాలి. ఒక పీడీహెచ్ అంటే వృత్తికి పనికొచ్చే చదువులోనో శిక్షణలోనో గడిపిన ఒక గంట. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో ఉద్యోగం చేసే మనవాళ్లకూ, లైసెన్స్ ఉంచుకుని హైదరాబాద్ తిరిగొచ్చి అమెరికా ప్రాజెక్టులకు డిజైన్ చేస్తున్నవాళ్లకూ నిబంధన ఒకటే. గంటలు పోగవడం కష్టమేమీ కాదు. ఏ గంట ఏ ఏడాదిదో, దానికి రుజువేదో ఎప్పటికప్పుడు రాసిపెట్టుకోకపోతేనే చిక్కు.

ముందు మీ ఏడాది ఏదో చూసుకోండి

లైసెన్సులు ఇచ్చేది టెక్సాస్ బోర్డ్ ఆఫ్ ప్రొఫెషనల్ ఇంజనీర్స్ అండ్ ల్యాండ్ సర్వేయర్స్. ఇంజనీర్ల విషయంలో ఏడాది అంటే జనవరి నుంచి డిసెంబర్ అని అనుకోకూడదు. మీ లైసెన్స్ గడువు తేదీ నుంచి మళ్లీ గడువు తేదీ వరకు ఉన్న 12 నెలలే లెక్క. గడువు జూన్ 30 అయితే, జులై 2న విన్న వెబినార్ వచ్చే ఏడాది ఖాతాలోకి పోతుంది. వింటానని పేరు నమోదు చేసుకున్నంత మాత్రాన ఈ ఏడాదిలో రాయడానికి లేదు. జరగబోయే శిక్షణను ముందే లెక్కలో చూపకూడదు.

ఆర్కిటెక్టుల బోర్డు వేరు, లెక్క కూడా వేరు. టెక్సాస్ ఆర్కిటెక్టులకు క్యాలెండర్ ఏడాదికి 12 గంటలు కావాలి. అందులో ఒక గంట దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాల మీద, ఒక గంట పర్యావరణహిత డిజైన్ మీద ఉండాలి. ఇంట్లో ఒకరు ఇంజనీరు, మరొకరు ఆర్కిటెక్టు అయితే ఇద్దరికీ ఒకే పట్టిక పనికిరాదు.

ఆ 15లో ఏమేం చెల్లుతాయి

కనీసం 1 పీడీహెచ్ వృత్తి నైతికత మీదో, ఇంజనీరు బాధ్యతల మీదో, టెక్సాస్ ఇంజనీరింగ్ చట్టం, బోర్డు నియమాల మీదో ఉండాలి. ముందు దీన్నే పూర్తిచేయండి. చివరివారంలో హడావిడిగా టెక్నికల్ కోర్సులు కొనేటప్పుడు మరిచిపోయేది ఈ ఒక్క గంటనే. దీనికోసం డబ్బు ఖర్చుపెట్టక్కర్లేదు, బోర్డే ఉచిత వెబినార్లు పెడుతుంటుంది.

మిగిలిన 14 టెక్నికల్ విషయాల మీదైనా, ప్రాజెక్ట్ నిర్వహణ మీదైనా ఉండొచ్చు. కోర్సు, సెమినార్, వెబినార్, కంపెనీలో పెట్టిన శిక్షణ, సదస్సులో మీరిచ్చిన ప్రజెంటేషన్, ప్రచురితమైన పేపర్, పేటెంట్, అన్నీ చెల్లుతాయి. సొంతంగా పుస్తకాలో ప్రమాణాలో చదువుకుంటే ఏడాదికి 5 పీడీహెచ్‌ల వరకే ఒప్పుకుంటారు. ఇంజనీర్ల సంఘంలో పదవిలోనో కమిటీలోనో చురుగ్గా పనిచేసినా పరిమితి 5. పాఠం చెప్పినవారికి ఆ కోర్సు మొదటిసారి చెప్పినప్పుడే క్రెడిట్ వస్తుంది. అదే కోర్సు మళ్లీ చెబితే రాదు. ఫుల్‌టైమ్ అధ్యాపకులకు బోధన క్రెడిట్ అసలు లేదు. రోజూ ఆఫీసులో చేసే డిజైన్ పనిని శిక్షణగా రాయకండి.

టెక్సాస్ బోర్డు ఏ కోర్సునూ ముందుగా ఆమోదించదు, సిఫారసు చేయదు. ‘టెక్సాస్ బోర్డు ఆమోదం పొందిన కోర్సు’ అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాట నమ్మి కొనొద్దు. కోర్సు మీ వృత్తికి సంబంధించినదా, హాజరుకు రుజువిస్తారా అన్నది చూసుకోవాల్సింది మీరే. అందుకే హైదరాబాద్‌లో జరిగిన టెక్నికల్ వర్క్‌షాప్ కూడా సరైన సర్టిఫికెట్ ఉంటే టెక్సాస్ లెక్కలో రాసుకోవచ్చు.

సర్టిఫికెట్‌లోని అంకెను సరిగ్గా మార్చాలి

ఎక్కువగా తికమకపెట్టేది సీఈయూ, అంటే శిక్షణను కొలిచే కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ యూనిట్. 1 సీఈయూ అంటే 10 పీడీహెచ్‌లు. సర్టిఫికెట్ మీద 0.6 సీఈయూ అని ఉంటే అది 6 పీడీహెచ్‌లు. దాన్ని 0.6 గంటగా రాసుకుని 5.4 గంటలు చేజేతులా పోగొట్టుకోవద్దు. అమెరికా ఆర్కిటెక్టుల సంఘం ఏఐఏ ఇచ్చే ఎల్‌యూ (లెర్నింగ్ యూనిట్) ఒకటి ఒక గంటకు సమానం. రోజంతా జరిగే సదస్సులో భోజనం, టీ విరామాలు తీసేసి, మీరు కూర్చున్న సెషన్లనే లెక్కించండి.

మిగిలిన గంటలు వచ్చే ఏడాదికి

15 దాటినవాటిలో 14 వరకు తర్వాతి ఏడాదికి తీసుకెళ్లొచ్చు. ఈ ఏడాది 22 చేస్తే 7 మిగులుతాయి, వచ్చే ఏడాది 8 చేస్తే చాలు. 32 చేస్తే మిగిలే 17లో 14 మాత్రమే వచ్చే ఏడాదికి వెళ్తాయి, 3 వృథా. నైతికత గంటను మాత్రం పాత మిగులుతో సరిపెట్టడం కుదరదు, ఏ ఏడాదిది ఆ ఏడాదే చేయాలి. 14 తెచ్చుకున్నవారికి కూడా ఒకటి మిగిలే ఉంటుంది, అదే నైతికత గంట.

లాగ్ రాసే పద్ధతి

ప్రతి కార్యక్రమానికి ఒక వరుస రాయండి. తేదీ, ఏ రకం కార్యక్రమం, ఎవరు నిర్వహించారు, ఎక్కడ, ఎంతసేపు, బోధకుడి పేరు, ఎన్ని పీడీహెచ్‌లు అన్నవి అందులో ఉండాలి. ‘మార్చి 12, ఆన్‌లైన్ వెబినార్, ఉబ్బే బంకమట్టి నేలల్లో పునాదుల డిజైన్, నిర్వహించిన సంఘం పేరు, బోధకుడి పేరు, 2 గంటలు, 2 పీడీహెచ్‌లు’ అన్నట్టు రాస్తే సరిపోతుంది. ‘వెబినార్లు, 6 గంటలు’ అని గుత్తగా రాస్తే దేనికీ రుజువు చూపలేరు.

సర్టిఫికెట్ పీడీఎఫ్ వచ్చిన రోజే తేదీతో పేరు పెట్టి, ఏడాదివారీ ఫోల్డర్‌లో దాచండి. ఆఫీసు ఈమెయిల్‌లో వదిలేయకండి, ఉద్యోగం మారిన రోజే ఆ మెయిల్ మూతపడుతుంది. కంపెనీలో జరిగిన శిక్షణకు సర్టిఫికెట్ ఇవ్వకపోతే, హాజరుపట్టీ నకలు, కార్యక్రమ వివరాల కాగితం అప్పుడే అడిగి తీసుకోండి. లాగ్, రుజువులు 3 సంవత్సరాలు ఉంచాలి. అమెరికా రాష్ట్రాల ఇంజనీరింగ్ లైసెన్సింగ్ బోర్డుల ఉమ్మడి సంస్థ ఎన్‌సీఈఈఎస్ వెబ్‌సైట్‌లోని మీ ఖాతాలో సర్టిఫికెట్లతో సహా వీటిని ఉచితంగా నమోదు చేసుకోవచ్చు. రెండుమూడు రాష్ట్రాల్లో లైసెన్స్ ఉన్నవారికి అది ఎంతో ఉపయోగం.

దరఖాస్తు, ఆ తర్వాత ఆడిట్

గడువుకు ముందు బోర్డు వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి, చిరునామా, ఉద్యోగ వివరాలు సరిచూసుకుని, పీడీహెచ్ ధ్రువీకరణ ఇచ్చి, ఫీజు కట్టి, రసీదు దాచుకోండి. సర్టిఫికెట్లు సాధారణంగా అప్పుడు అడగరు. కొందరిని యాదృచ్ఛికంగా ఎంపిక చేసి ఆ తర్వాత ఆడిట్ చేస్తారు. అప్పుడు లాగ్, రుజువులు పంపాలి. గంటలు పూర్తికాకుండానే పూర్తయ్యాయని ధ్రువీకరిస్తే అది తప్పుడు ధ్రువీకరణ. లైసెన్స్ మీదకే వస్తుంది. గడువు దాటితే ఆలస్య రుసుముతో పాటు బకాయిపడ్డ పీడీహెచ్‌లు కూడా చూపాలి. బకాయి ఎంతున్నా 30 మించి అడగరు.

వేరే రాష్ట్రం లైసెన్స్ కూడా ఉంటే

టెక్సాస్ లెక్క అన్నిచోట్లా నడవదు. ఫ్లోరిడాలో రెండేళ్లకు 18 గంటలు. వాటిలో 4 మీ పనిరంగానికి చెందినవి, 1 చట్టం, 1 నైతికత. ఈ చివరి రెండూ ఫ్లోరిడా బోర్డు ఆమోదించిన సంస్థ దగ్గరే చేయాలి కాబట్టి, టెక్సాస్ బోర్డు ఉచిత వెబినార్ అక్కడ అక్కరకు రాదు. న్యూయార్క్‌లో మూడేళ్లకు 36, అందులో కనీసం సగం కోర్సుల రూపంలో ఉండాలి. కాలిఫోర్నియాలో ఇంజనీర్ల రెన్యూవల్‌కు ఇలాంటి గంటల నిబంధనే లేదు. ఎక్కువ కఠినంగా ఉన్న రాష్ట్రానికి సరిపడేలా కోర్సులు ఎంచుకుంటే ఒకే కోర్సు రెండుచోట్లా పనికొస్తుంది.

ఇండియాకు వచ్చేసి, కొన్నాళ్లు అక్కడి పనులేవీ చేయనివారు లైసెన్స్‌ను ఇనాక్టివ్ చేయించుకోవచ్చు. అప్పుడు ఏటా పీడీహెచ్‌లు చూపక్కర్లేదు. ఆ కాలంలో టెక్సాస్ డ్రాయింగుల మీద సీలు వేయకూడదు, ఇంజనీరింగ్ సేవలు ఇవ్వకూడదు. తిరిగి యాక్టివ్ చేసుకునేటప్పుడు మళ్లీ పీడీహెచ్‌లు చూపాలి కాబట్టి, కొత్త ప్రాజెక్టు ఒప్పుకోవడానికి కొన్ని నెలల ముందే కోర్సులు మొదలుపెట్టండి.